కారు కింద దూరకుండా ఆయిల్ మార్చే పంపు: నా కారుకు భేష్, తమ్ముడి కారుకు దండగ

డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) దిగే గొట్టంలోంచి పాత ఇంజిన్ ఆయిల్‌ను పైకి లాగేసే చేతి పంపు ఒకటి కొన్నాను. ఆయిల్ ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. ఇంట్లో ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఇది కొనచ్చా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: మీ కారుకు ఆయిల్ ఫిల్టర్ ఎక్కడుంది? బోనెట్ ఎత్తగానే పైన కనిపిస్తే ఈ పంపు మీకు పనికొస్తుంది. కింద ఉంటే మాత్రం పెద్దగా ఉపయోగం లేదు. ఆయిల్‌తో పాటే మార్చాల్సిన ఫిల్టర్ కోసం ఎలాగూ కిందికి దూరాలి. దూరాక, పాత ఆయిల్ కిందికి వదలడానికి ఇచ్చిన డ్రెయిన్ బోల్ట్ చేతికి అందేంత దూరంలో ఉంటే, దాన్ని వదిలేసి పైకొచ్చి పంపు కొట్టడం దేనికి? ఇంత ముఖ్యమైన సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు. పైగా "అన్ని కార్లకూ సరిపోతుంది" అని పెద్దక్షరాల్లో వేశారు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో పోసి, రంగు మార్చి, పేరు మార్చి అమ్మేవి చాలా ఉన్నాయి. అన్నిటి మంచీ చెడూ దాదాపు ఒకటే.

చూడటానికి మొక్కలకు మందు కొట్టే డబ్బాలా ఉంటుంది. ఆరున్నర లీటర్లు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు, దాని నెత్తిన పైకీ కిందికీ లాగే పంపు, పక్కన పాత ఆయిల్ ఒంపుకోవడానికి ఒక మూతి. ట్యాంకు ఒళ్ళు కాస్త పారదర్శకం, లోపల ఆయిల్ ఎంతవరకు వచ్చిందో బయటికి కనిపిస్తుంది. దాంతోపాటు రెండు గొట్టాలు ఇచ్చారు. ఒకటి లావుగా, ఆరు మిల్లీమీటర్లది. ఇంకోటి దానికన్నా బాగా సన్నం. పంపు కొన్నిసార్లు కొడితే ట్యాంకులోని గాలి బయటికి పోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఇక ఆయిల్‌ను పైకి తోసేది మన చెయ్యి కాదు, ఇంజిన్‌లో ఆయిల్ మీద కూర్చున్న బయటి గాలి. అందుకే ఎంత బలంగా కొట్టినా ఒక హద్దు దాటి వేగం పెరగదు. ఒక వాతావరణ పీడనాన్ని మించి ఎవరూ పీల్చలేరు.

ఇది కొత్తగా కనిపెట్టిన మాయ ఏమీ కాదు. పడవల లోపల బిగించే ఇంజిన్లకు కింద చెయ్యి పెట్టే సందు కూడా ఉండదు, వాటికి ఎప్పటినుంచో పై నుంచి లాగడమే దారి. కొన్ని కార్ల వర్క్‌షాపుల్లో కూడా కరెంటుతోనో కంప్రెసర్‌తోనో నడిచే పెద్ద యంత్రాలతో ఇలాగే లాగేస్తారు. నా దగ్గరున్నది దానికి ఇంటి వెర్షన్.

నాకు దీని అవసరం ఎందుకొచ్చిందంటే, ఆయిల్ మార్చడంలో నాకు నచ్చని పని ఆయిల్ మార్చడం కాదు, కారును పైకి లేపడం. జాక్ పెట్టి లేపాలి, రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి, కారు ఊపి చూడాలి, అప్పుడు గానీ తల కింద పెట్టకూడదు. ఒట్టి జాక్‌ను నమ్ముకుని కారు కింద దూరడం ప్రాణాలతో చెలగాటం. హైడ్రాలిక్ జాక్‌లో సీల్ కారితే కారు నిమిషాల్లో కిందికి దిగుతుంది, సీల్ పగిలితే క్షణంలో దిగుతుంది. ఇవన్నీ చేశాక కింద ప్లాస్టిక్ కవర్ స్క్రూలు. ఆ తర్వాత డ్రెయిన్ బోల్ట్. అది ఊడే ఆఖరి మరలో వేడి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా జారుతుంది. కింద దూరి ఆయిల్ మార్చినవాళ్ళకు దీని గురించి వివరించక్కర్లేదు.

బోల్ట్‌కు ఇంకో తలనొప్పి ఉంది. చాలా కార్లలో ఆయిల్ ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) అల్యూమినియంది, బోల్ట్ స్టీలుది. నా కారు మాన్యువల్‌లో బిగించే బలం (టార్క్) 30 న్యూటన్ మీటర్లు అని ఉంది. అది పెద్ద బలం కాదు. బలమంతా పెట్టి బిగించే మెకానిక్ చేతిలో పడితే అల్యూమినియం మరలు దెబ్బతిని, ఏదో ఒకరోజు బోల్ట్‌తో పాటు మరలు కూడా చుట్టలా ఊడొస్తాయి. బోల్ట్ కింద ఉండే రాగి లేదా అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగి కూర్చునే రకం, ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. పై నుంచి లాగితే బోల్ట్ ముట్టుకునే పనే లేదు కాబట్టి ఈ గొడవంతా తప్పుతుంది. నేను పంపు కొనడానికి సగం కారణం ఇదే.

ఇక నా కారు సంగతి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఫిల్టర్ పైనే, నల్ల ప్లాస్టిక్ మూత కింద కాగితం కార్ట్రిడ్జ్, అంటే డబ్బా లేకుండా లోపలి కాగితం ఫిల్టర్ ఒక్కటే మార్చే రకం. ఆయిల్ వేడిగా ఉండాలి గానీ కాగిపోతూ ఉండకూడదు. 5డబ్ల్యూ-30 అనే గ్రేడు ఆయిల్ చిక్కదనం వంద డిగ్రీల దగ్గర సుమారు పది సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలత) ఉంటే, నలభై డిగ్రీల దగ్గర అరవై చిల్లర. చల్లటి ఆయిల్‌ను సన్నటి గొట్టంలో లాగాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అలాగని ఇంజిన్ ఆపిన వెంటనే లాగితే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి లోపలికి ముడుచుకుపోతుంది. నా పంపు కాగితంలో 70 డిగ్రీలు దాటొద్దని రాశారు. నేనైతే ఓ చుట్టు తిరిగొచ్చి, బోనెట్ ఎత్తి, కాసేపు వదిలేస్తాను. డిప్‌స్టిక్ బయటికి తీసి కొన మీది ఆయిల్‌ను గ్లవ్ వేసుకున్న వేళ్ళతో పట్టుకుంటే వేడి తెలియాలి గానీ చురుక్కుమనకూడదు. థర్మామీటర్ అక్కర్లేదు.

పంపు ముట్టుకునే ముందు ఫిల్టర్ మూత నాలుగు చుట్లు వదులు చెయ్యాలి. పైనున్న కార్ట్రిడ్జ్ ఫిల్టర్లలో చాలావాటికి మూత లేవగానే అడుగున ఒక చిన్న దారి తెరుచుకుని, ఫిల్టర్ గిన్నెలో నిలిచిన ఆయిల్ ఛాంబర్‌లోకి దిగిపోతుంది. అది ముందే దిగితే అదీ పంపులోకే వస్తుంది. తర్వాత ఫిల్టర్ ఎత్తినప్పుడు ఇంజిన్ మీద కారదు. ఆయిల్ పోసే మూత కూడా తెరిచి పెట్టాలి, గాలి ఆడటానికి.

గొట్టం దింపడంలోనే పనితనమంతా ఉంది. డిప్‌స్టిక్ బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి, డిప్‌స్టిక్ పొడవు ఎంతో గొట్టం మీద టేపుతో గుర్తు పెట్టుకున్నాను. గొట్టం ఆ గుర్తు దాటి ఇంకొంచెం దిగాలి, ఎందుకంటే డిప్‌స్టిక్ కొన ఛాంబర్ అడుగును తాకదు. నా కారులో గుర్తు దాటాక మూడు వేళ్ళ వెడల్పు దిగి, టక్కుమని తగిలింది. తగిలాక ఇంకా తోస్తే గొట్టం అడుగున వంగి, కొన పైకి లేచి ఆయిల్ బయట నిలబడుతుంది. కాబట్టి తగిలిన చోట ఆపి, వెంట్రుకవాసి పైకి లాగాలి. గొట్టం చుట్టగా పెట్టెలో పడుకుని వచ్చింది కదా, దానికి ఆ వంపు అలవాటైపోయి డిప్‌స్టిక్ గొట్టంలో గోడకు రాసుకుంటూ పోతుంది. వేడి నీళ్ళలో కాసేపు ఉంచి చక్కగా సాగదీసి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాక వాడితే ఆ ఇబ్బంది తగ్గింది. ఆరబెట్టడం మర్చిపోవద్దు, ఇంజిన్‌లోకి నీటి చుక్క పంపుకోవడం ఎందుకు.

సన్నటి గొట్టం గురించి ఒక మాట. అది డిప్‌స్టిక్ రంధ్రం ఇరుకుగా ఉండే కార్ల కోసం ఇచ్చారు. గొట్టంలో సెకనుకు ఎంత ద్రవం పారుతుందన్నది వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని డిగ్రీ ఫిజిక్స్‌లో బట్టీ పట్టాను. లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు. పరీక్ష రాశాక ఆ సూత్రం మళ్ళీ ఎదురైంది ఇక్కడే. లావు గొట్టంతో పావుగంటలోపు అయిపోయే పని సన్న గొట్టంతో మొదలుపెడితే మధ్యలో బట్టలు ఉతికి ఆరేసి రావచ్చు. అందుకే కొనేముందు మీ డిప్‌స్టిక్ గొట్టంలో ఆరు మిల్లీమీటర్ల గొట్టం పడుతుందో లేదో చూసుకోండి. అసలు డిప్‌స్టిక్కే లేని కార్లు కూడా ఉన్నాయి. కొన్ని బీఎండబ్ల్యూ, ఆడి మోడళ్ళలో ఆయిల్ ఎంతుందో సెన్సర్ చెబుతుంది. డిప్‌స్టిక్ గొట్టం కూడా లేకపోతే పంపు గొట్టం దింపే దారే దొరకదు.

గొట్టం దిగాక పంపు ఓ పదిహేనుసార్లు కొట్టి వదిలేశాను. మొదట ఏమీ జరగదు. తర్వాత నల్లటి దారం ఒకటి గొట్టంలో మెల్లగా పైకి పాకుతుంది, ట్యాంకు నోటి దాకా వచ్చి లోపలికి జారుతుంది. ఆ తర్వాత ఇక ఆగదు. మధ్యలో ఒకసారి ఇంకో నాలుగు కొట్టాలి, అంతే. చివర్లో గురగురమని గాలీ ఆయిలూ కలిసి వస్తాయి. చాలామంది అక్కడే అయిపోయిందనుకుని తీసేస్తారు. అయిపోలేదు. గొట్టం కొద్దిగా పైకి లాగి, కొంచెం తిప్పి, మళ్ళీ దింపాలి. ఇంకో చోట ఆనుతుంది, మళ్ళీ ఆయిల్ వస్తుంది. కాసేపు ఆగితే ఇంజిన్ గోడల మీదిది కూడా కిందికి చేరుతుంది, దాన్నీ లాగాలి.

సరే, మొత్తం వచ్చిందా? ఈ పంపుల గురించి వాదనంతా ఇక్కడే. మా తమ్ముడు మొదటినుంచీ ఇదే పట్టు పట్టాడు.

"అక్కా, పైపైన ఉన్నది వస్తుంది గానీ అడుగున మడ్డి అంతా అక్కడే ఉండిపోతుంది. బోల్ట్ విప్పితే అదంతా కొట్టుకొస్తుంది."

"వేడి ఆయిల్‌లో మడ్డి అడుక్కి చేరి ఎందుకు కూర్చుంటుందిరా?" అన్నాను. వాడు వినడు. మాటలతో కాదని కొలిచి చూపించాను.

ట్యాంకు మీద లీటర్ల గీతలు ఉన్నాయి గానీ వాటిని నమ్మలేదు. ఖాళీ ట్యాంకును సామాన్లు తూచే కాటా మీద పెట్టి బరువు రాసుకున్నాను, ఆయిల్ లాగాక మళ్ళీ తూచాను. తేడా 2.85 కిలోలు. ఇంజిన్ ఆయిల్ సాంద్రత లీటరుకు సుమారు 0.85 కిలోలు కాబట్టి 3.35 లీటర్లు వచ్చినట్టు. మాన్యువల్ ప్రకారం ఫిల్టర్ కాకుండా నా ఇంజిన్‌కు పట్టేది మూడున్నర. ఆ తర్వాత, ఆ ఒక్కసారికి మాత్రం, కారు లేపి స్టాండ్ల మీద పెట్టి బోల్ట్ విప్పాం. సన్నగా ఒక ధార వచ్చి వెంటనే చుక్కల్లోకి దిగిపోయింది. కొలత గ్లాసులో పట్టి చూస్తే 90 మిల్లీలీటర్లు. తమ్ముడు టార్చి వేసి ఆ గ్లాసు అడుగు చూశాడు, వేలు పెట్టి రుద్ది చూశాడు. పంపులోది ఎంత నల్లగా ఉందో ఇదీ అంతే నల్లగా ఉంది, గరుకు లేదు, మడ్డి లేదు.

మడ్డి లేకపోవడానికి కారణం ఉంది. ఇంజిన్ ఆయిల్‌లో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే రసాయనాలు కలుపుతారు. మసినీ, ఆయిల్ కాలి పుట్టే జిగురునూ ఒకచోట గడ్డకట్టనివ్వకుండా సన్నటి రేణువులుగా ఆయిల్ అంతటా తేలేట్టు పట్టి ఉంచడమే డిస్పర్సెంట్ల పని. ఆయిల్ నల్లబడిందంటే అది తన పని చేస్తోందనే అర్థం, డీజిల్ ఇంజిన్లలోనైతే కొత్త ఆయిల్ పోసిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. వేడి మీద, ఇప్పుడే తిరిగొచ్చిన ఇంజిన్‌లోంచి లాగితే మసి ఆయిల్‌తోనే వస్తుంది, కింద నుంచి వదిలినా పై నుంచి లాగినా. లోహపు రజను సంగతి వేరు. బరువైన ముక్కలు అడుగున ఉండిపోవచ్చు, బోల్ట్‌కు అయస్కాంతం ఉంటే దానికి అంటుకుని ఉంటాయి. అవి చూడాలంటే బోల్ట్ విప్పాల్సిందే. బోల్ట్ మీద ఏం అంటుకుందో చూడటం ఇంజిన్ ఆరోగ్యం తెలుసుకునే పాత పద్ధతి, పంపు వాడితే ఆ చూపు పోతుంది. దీన్ని నేను నిజమైన లోటుగానే లెక్కేస్తాను. సర్వీసు వాయిదా వేసీ వేసీ, ఆయిల్ మూత కింద జిడ్డు పేరుకున్న ఇంజిన్‌కైతే నేను పంపు పెట్టను. అక్కడ ఛాంబర్‌లో ఏముందో చూడాలి.

తొంభై మిల్లీలీటర్ల పాత ఆయిల్ మూడున్నర లీటర్ల కొత్తదాంట్లో కలిస్తే మూడు శాతం లోపు. బోల్ట్ విప్పినా ఇంజిన్ దారుల్లో అంతకు తక్కువేమీ మిగలదు. నా కారు విషయంలో ఈ వాదన నాకు ముగిసిపోయింది.

తమ్ముడి కారులో కథ మారింది. వాడి ఫిల్టర్ డబ్బా రకం, కింద, ఇంజిన్ వెనకవైపు. ఎలాగూ కిందికి దూరాలని తెలిసీ, పంపు వాడి కారులో ఎలా పనిచేస్తుందో చూద్దామనే పెట్టాం. గొట్టం సగం దిగాక ఏదో పలక లాంటిది తగిలింది. తిప్పి తిప్పి దాటించాం. అడుగు తగిలిందనిపించిన చోటు నిజంగా అడుగేనా అని చివరి దాకా అనుమానమే. మాన్యువల్‌లో ఫిల్టర్ కాకుండా 4.2 లీటర్లు అని ఉంటే, కాటా లెక్కలో మూడు లీటర్ల ఆరు వందలు వచ్చాయి. గురగురమన్నాక ఎంత తిప్పినా ఇంకో చుక్క రాలేదు. ఫిల్టర్ కోసం కిందికి దూరి బోల్ట్ కూడా విప్పితే మరో అర లీటరు పైనే ధారగా వచ్చింది. వాడి మొహం చూడాలి అప్పుడు. ఛాంబర్ ఆకారం, లోపల ఆయిల్ ఎగిరిపడకుండా పెట్టే అడ్డుపలకలు, డిప్‌స్టిక్ గొట్టం ఎటు తెరుచుకుంటుంది, వీటిని బట్టి ఒక్కో ఇంజిన్‌లో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి పంపు కొన్నవాళ్ళు మొదటిసారి బోల్ట్ కూడా విప్పి, తమ కారులో ఎంత మిగులుతుందో ఒకసారి కొలుచుకోవడం మంచిది. వంద మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉంటే ఇక పంపుతోనే కానివ్వండి. అర లీటరు మిగిలితే ఆ పంపు మీ కారుకు కాదు.

కింద ఫిల్టర్ విప్పినప్పుడు ఒకటి చూడాలి: పాత ఫిల్టర్ రబ్బరు వలయం ఇంజిన్ మీదే అతుక్కుని ఉండిపోయిందేమో. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారి, ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణాల్లో ఆయిలంతా బయటికి కొట్టేస్తుంది. కొత్త రబ్బరుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు. రెంచ్ విప్పడానికే, బిగించడానికి కాదు. నా కార్ట్రిడ్జ్ రకంలో అయితే మూత చుట్టూ ఉండే ఓ-రింగ్ (రబ్బరు వలయం) సరైన గాడిలో కూర్చుందా అన్నదే ముఖ్యం. మూత మీదే 25 న్యూటన్ మీటర్లు అని పోత పోసి ఉంది. ప్లాస్టిక్ కదా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడితే నిశ్చింత.

కొత్త ఆయిల్ గురించి ఎక్కువ చెప్పను. మాన్యువల్‌లో ఏ గ్రేడు, ఏ ప్రమాణం రాస్తే అదే. పెట్రోల్ కార్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ అనే ప్రమాణం 2020లో వచ్చింది, టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర వచ్చే అకాల దహనాన్నీ, టైమింగ్ చైన్ అరుగుదలనూ దృష్టిలో పెట్టుకుని తెచ్చారు. పాత ప్రమాణం అడిగే ఇంజిన్‌లో కొత్త ప్రమాణం ఆయిల్ పోయచ్చు, తిరగేసి కాదు. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న కారుకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. పంపు వాడేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మాన్యువల్ చెప్పిన లెక్కంతా ఒకేసారి పోసేయకండి. లోపల ఎంత మిగిలిందో మీకు కచ్చితంగా తెలియదు. అర లీటరు తక్కువ పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి, ఆయిల్ లైటు ఆరిందని చూసి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసుకుంటూ మిగతాది పొయ్యాలి.

ఇప్పుడు పంపు మీద నా ఫిర్యాదులు. ట్యాంకు గీతలు తప్పు. కాటా 3.35 అంటున్నప్పుడు గీత మూడు లీటర్ల ఆరు వందలు దాటి చూపించింది. వేడి ఆయిల్ పది డిగ్రీలకు సుమారు 0.7 శాతం వ్యాకోచిస్తుంది, ఆ లెక్క తీసేసినా ఇంకా తేడా మిగిలింది. గీతల్ని నమ్మి అంతే కొత్త ఆయిల్ పోసేవాళ్ళకు ఇది చిక్కే. రెండోది, ఒంపే మూతి. ఆయిల్ ఒంపి ట్యాంకు నిలబెట్టగానే చివరి ధార మూతి కింద నుంచి ట్యాంకు ఒంటి మీదకి జారుతుంది. ప్రతిసారీ. గుడ్డ చుట్టకుండా ఒంపలేం. మూడోది, గొట్టం కొనకు మూత ఇవ్వలేదు. పని అయ్యాక గొట్టంలో మిగిలిన ఆయిల్ ఎక్కడ పెడితే అక్కడ చుక్కలు రాలుస్తుంది. నేను గొట్టం రెండు కొనలూ ఒకదాంట్లో ఒకటి దూర్చి రబ్బరు బ్యాండు వేసి పాలిథిన్ సంచిలో పెడుతున్నాను. పంపు సీల్ మాత్రం గట్టిది. మధ్యలో వదిలేసి ఫోను మాట్లాడొచ్చినా ట్యాంకులో ఖాళీ అలాగే ఉంది. పిడి లాగడం కాస్త బిగుతుగా అనిపిస్తే రెండు చుక్కల ఆయిల్ వేస్తే సరిపోయింది.

దీనికి పెట్రోల్ చూపించొద్దని కాగితంలో స్పష్టంగా రాశారు, అది చదవండి. పెట్రోల్ ఆవిరీ, ప్లాస్టిక్ మీద పుట్టే స్థిర విద్యుత్తూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్రేక్ ఆయిల్, కూలెంట్ కూడా ఇదే ట్యాంకులోకి లాగకండి. వాడిన ఇంజిన్ ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్ళీ ఆయిల్ తయారు చేస్తారు. అందులో ఇంకేదన్నా కలిస్తే తీసుకునేవాళ్ళు తీసుకోరు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ఒకటి ఉంది: రెండు లీటర్ల నాలుగు వందల కొత్త ఆయిల్ తీయాలంటే ముడి చమురు నుంచి అయితే ఒక బ్యారెల్, అంటే 159 లీటర్లు కావాలి, వాడిన ఆయిల్ నుంచి అయితే 3.8 లీటర్లు చాలు. ఒక్కసారి మార్చిన ఆయిల్ కాలవలో పోస్తే పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళు పాడవుతాయని కూడా వాళ్ళే చెబుతారు. పంపుతో ఒక లాభం ఏమిటంటే, ఆయిల్ నేల మీద పడే అవకాశమే తక్కువ. ట్యాంకులోంచి నేరుగా కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే ఒంపి, మూత బిగించి, మీద "పాత ఆయిల్" అని రాసి సేకరించేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం మాత్రం మానొద్దు. వాడిన ఆయిల్‌లో చర్మానికి చేటు చేసే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు పోగుపడతాయి.

కొనాలనుకునేవాళ్ళు రెండు చూసుకోండి. ట్యాంకు మీ ఇంజిన్‌కు పట్టే ఆయిల్ కన్నా కనీసం లీటరు పెద్దదై ఉండాలి, నిండిపోతే పంపులోకి ఆయిల్ ఎక్కుతుంది. గొట్టాలు విడిగా దొరికే కంపెనీదే తీసుకోండి, ముందు పాడయ్యేది అవే. కరెంటుతో నడిచే చిన్న పంపులు కూడా ఉన్నాయి, బ్యాటరీకి తగిలించేవి. వాటికి వేడి ఆయిల్ పడదు, చల్లటి ఆయిల్ లాగలేవు, ఆ మధ్య ఇరుకు సందులో వాటిని సముదాయిస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. చేతి పంపే నయం.

తమ్ముడి కారుకు పనికిరాలేదన్నాను గానీ, ఆ తర్వాత ఒకసారి దీని కోసం వాడే ఫోను చేశాడు. సర్వీసుకి ఇచ్చిన చోట ఆయిల్ ఎక్కువ పోసి పంపారు, డిప్‌స్టిక్ మీద పై గీత దాటి బాగా పైనుంది. అలా ఉంటే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటే బేరింగులకు ఆయిల్ పీడనం సరిగ్గా అందదు. దానికోసం మళ్ళీ కారు లేపి బోల్ట్ వదులు చేసి, అర లీటరు పోయాక వేడి ధారలో వేలు పెట్టి ఆపడం ఎవరి వల్ల అవుతుంది? ఎక్కువైనది పైనే ఉంటుంది కాబట్టి గొట్టం అడుగు దాకా దించే పని కూడా లేదు. నాలుగు కొట్లు కొట్టి, కొంచెం లాగి, డిప్‌స్టిక్ తుడిచి చూసి, ఇంకొంచెం లాగితే గీత దగ్గరికి వచ్చేసింది. "ఇది నా దగ్గర ఉండనీ అక్కా" అన్నాడు. పంపు ఇప్పుడు వాడి దగ్గరే ఉంది. నా కారు సర్వీసు దగ్గర పడేలోపు అడిగి తెచ్చుకోవాలి.